అఱిగిన శిలలు - వంశచరిత్రము
(ఉదయగిరి, ఆత్మకూరు సీమల వీరగల్లులు, సమాధిశిలలు)

వంశచరిత్రము వ్రాయఁబూనినవారికి రాజులును మంత్రులును సులభసాధ్యులు. వారికిఁ దామ్రశాసనములు గలవు, కృతులు గలవు, కృతులకు అవతారికలు గలవు. ఉదయగిరినే తీసికొందము. ఆ రాజ్యము నేలిన రెండవ సంగముఁడు శ.వ. 1278 (క్రీ.శ. 1356)న ఇచ్చిన బిట్రగుంట శాసనమునఁ దన తాతయగు సంగముని కొడుకు లైదుగుర పేళ్లును జెప్పఁబడినవి: హరిహరుఁడు, కంపన, బుక్కన, మారప, ముద్దప. విజయనగరపుఁ దొలి రాజవంశమును నిర్ణయించుకొనుటకు చరిత్రకారులకు అక్కఱకు వచ్చిన ఆధారములలో నిది యొకటి. తరువాతికాలమున ఉదయగిరి నేలిన బసవభూపాలుని మంత్రి గంగయామాత్యునకు రెండు కావ్యము లంకితములైనవి. నంది మల్లయ, ఘంట సింగయల ప్రబోధచంద్రోదయ మొకటి. దగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానము మఱియొకటి. రెండింటి పీఠికలను సరిపోల్చి చదివినచో ఆ మంత్రి యింటివారిని గుఱించి మనకుఁ దెలియవలసినంత తెలియును.

ఆ దుర్గపు బురుజుమీఁద నిలిచి పోరిన బంటునకుఁ గృతి యెవఁ డిచ్చును? పసులమందకు అడ్డుపడి చచ్చిన గొల్లకు అవతారిక యెవఁడు వ్రాయును? అతని చరిత్ర మంతయు నొక రాతిమీఁద నాలుగైదు పంక్తులు. ఆ పంక్తులలో సగము నేఁడు లేదు. ఉన్న సగమును సరిగాఁ జదువుట యెట్లు, లేని సగమును గుఱించి యెంతవఱకు మాటాడవచ్చును అను రెండు ప్రశ్నలే యీ వ్యాసమునకు విషయము. వ్యాకరణము చదివినవాఁడ నగుటచే నా సమాధాన మెక్కువగా వ్యాకరణమునుండియే వచ్చును. శాసనపరిశోధనము లిపిజ్ఞుల సొత్తనియు, వ్యాకరణజ్ఞులకు అందుఁ బని లేదనియు ననుకొనువారు గలరు. అఱిగిన రాతిముందు నిలిచినచో ఆ యభిప్రాయము మాఱును.

పడమటి నెల్లూరుసీమ వెలికొండల క్రింది మేఁతభూమి. ఇచటి కలహములలోఁ బెక్కింటికి మూలము పసరము, పచ్చిక, నీరు. కాటమరాజు కథలు దీనికే సాక్ష్యము. పుల్లరి విషయమున నెల్లూరి మనుమసిద్ధికిని యాదవులకును బోరు గల్గెననియు, ఎఱ్ఱగడ్డపాటియొద్ద ఖడ్గతిక్కన పడెననియు ఆ కథాచక్రము చెప్పును. తంగిరాల వేంకటసుబ్బారావు గారు ఆ కథలను సంపాదించి ప్రకటించినపిదప, గొల్లల వంశక్రమములు పాటలలో నెంత శ్రద్ధగా నిలిచియున్నవో పండితలోకమునకుఁ దెలిసినది. పాటలో నున్న పేరు రాతిమీఁద దొరకునా యనునది వేఱు ప్రశ్న. దొరకవలెనని కోరుకొని రాతిని జదువరాదు.

ఈ సీమలోఁ బొలిమేరలయందును, చెఱువుకట్టలమీఁదను, గుడి ప్రాకారములచెంతను గనఁబడు స్మారకశిలలు ఒకే తెగవి కావు. కత్తియో విల్లో చేతఁ బట్టిన వీరుఁడు గలది వీరగల్లు. పైకెత్తిన చేయి, ఆ చేతికి గాజులు, మీఁద సూర్యచంద్రులు గలది సహగమనము చేసిన యిల్లాలి గుఱుతు; దానిని జనులు పేరంటాలని కొలుతురు. పాదములు చెక్కినదియో, తులసికోట గలదియో యైనచో అది తరువాతి కాలపు సమాధి కావచ్చును. వీరశైవులును యతులును నిక్షేపము చేయఁబడుదురు గనుక వారి సమాధులు నిజముగా సమాధులే. వీరగల్లు మాత్రము పెక్కుతావుల సమాధి కాదు, స్మారకము. వీరుఁడు పడిన చోటనో, అతని యూరి పొలిమేరనో దానిని నిలుపుదురు. వంశచరిత్రకారుఁడు మొదట గ్రహింపవలసిన విషయ మిది. రాయి యున్న గ్రామమే వీరుని స్వగ్రామమని తలఁచి, ఆ గ్రామపుఁ గుటుంబములలో నతని సంతతిని వెదకుట పొరపాటునకుఁ దొలిమెట్టు. కొన్ని గ్రామములలో వీరగల్లునకు వీరభద్రుఁడని పేరు పెట్టి పూజించుచున్నారు. పూజవలన రాయి నిలిచినది. పేరు మాత్రము పోయినది.

1905లో మదరాసున రెండు గ్రంథములు వెలువడినవి. ఒకటి బట్టర్‌వర్త్ దొరగారును వేణుగోపాలుచెట్టిగారును గూర్చిన నెల్లూరు జిల్లా శాసనముల సంపుటములు మూఁడు. రెండవది జూలియన్ జేమ్సు కాటన్ దొరగారు కూర్చిన మదరాసు రాజధానిలోని సమాధిలేఖనముల పట్టిక. మొదటిదాన నధికభాగము దానశాసనములు. రెండవదాన నధికభాగము ఐరోపీయుల గోరీలు. ఆంగ్ల సైనికుని మనుమఁడు కాటన్ పట్టికను దెఱచి తన తాత పేరును వెదకికొనఁగలఁడు. మన బంటు మనుమనికి అటువంటి పట్టిక లేదు. అతఁడు నెల్లూరు సంపుటములలో ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల భాగములను బుటబుటయుఁ ద్రిప్పి, దానముల నడుమఁ దన వారిని వెదకవలసినదే. అయినను ఆ శ్రమ వ్యర్థము కాదు. తమ తల్లిదండ్రులకుఁ బుణ్యముగా నిచ్చితిమను మాట విజయనగరకాలపుఁ దెలుఁగు దానశాసనములలోఁ దఱచుగా వచ్చును. ఆ యొక్క వాక్యమువలన రెండు తరములు మన చేతికి వచ్చును.

ఆ సంపుటములఁ జూచువారు ఎల్లలు మాఱినవని మఱవరాదు. ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో నేర్పడిన ప్రకాశము జిల్లాకుఁ జేరినవి. 1985లో తాలూకాలే పోయి మండలములు వచ్చినవి. ఉదయగిరి తాలూకా గ్రామమని గ్రంథమున నున్నది నేఁడు ఉదయగిరి మండలమున లేకపోవచ్చును. భైరవకొండ యొకప్పుడు ఉదయగిరి తాలూకాలోనిది. తరువాతఁ బ్రకాశము జిల్లాకుఁ బోయినది.

ఇఁక రాతిని జూచు విధము. నడిమింటి యెండలో నక్షరములు కనఁబడవు. ప్రొద్దుపొడుపువేళను, క్రుంకువేళను ఏటవాలుగాఁ బడు వెలుఁగులో అఱిగిన గీఁత తన నీడచేఁ దానే బయటపడును.  ఎండ యట్లు పడనిచో రాత్రి దీపమును బ్రక్కగాఁ బట్టి చూచుటయే గతి. చేతిదీపము నొకవైపునుండి మెల్లగాఁ గదల్చుచుండఁగా, పగటివేళ మూఁడక్షరములు కనఁబడినచోట నాఱు కనఁబడుట గలదు. రాతిని నీటితోఁ గడిగి మెత్తని కుంచెతోఁ దుడువవచ్చును. అక్షరములలో సుద్ద నింపుట, ఇనుపగీఁటుతో మట్టి గెలుకుట, నాచును ఆమ్లముతోఁ గడుగుట మాత్రము చేయరాదు. సుద్ద నింపువాఁడు తాను జదివిన యక్షరమునే నింపును. తరువాత వచ్చిన వానికిఁ గనఁబడునది రాయి కాదు, మొదటివాని యభిప్రాయము. తడికాగితమును రాతిపైఁ బఱచి కుంచెతోఁ గొట్టి మసి యద్ది తీయు ప్రతిబింబమే పూర్వపు లిపిజ్ఞుల పద్ధతి. నేఁటికిని అది చెడ్డది కాదు. పలువైపులనుండి తీసిన ఛాయాచిత్రములను యంత్రగణనముచేఁ గూర్చి, రాతి యెగుడుదిగుడులను జూపు క్రొత్త పద్ధతి రాతికి నొప్పి లేనిది. కాని యంత్రము గీఁతను జూపును. అది యక్షరమా, యులిదెబ్బయా, పగులా అని చెప్పవలసినవాఁడు మనుష్యుఁడే.

పేరంటాలి రాళ్లమీఁదఁ బసుపు, కుంకుమ, నూనె తరతరములుగాఁ బేరుకొని గట్టిపడి యుండును. దానిని గీఁకుటకు మన కధికారము లేదు. కొలుచువారి ననుమతి యడిగి, వారి చేతనే కడిగించుట మర్యాద. పనియుఁ జక్కఁగా నగును. సున్నము పూసిన రాళ్లు వేఱు. సున్నము గుంటలను బూడ్చును. కాని సుత్తిదెబ్బకన్న నది మేలు. పూఁత క్రిందనున్న యక్షరము ఎండకు వానకు దప్పి బ్రదికియుండుటయుఁ గలదు.

తెలుఁగక్షరములలోఁ గొన్ని యఱుగుటచే నొండొంటిలోనికి మాఱిపోవును. పకారపుఁ దలకట్టునకును క్రింది గిన్నెకును నడుమనున్న యెడము పూడినచో వకారముగాఁ దోఁచును. దకారధకారములకు భేద మొక చుక్కంత. మకారమున కొక వంపు చేర్చినచో యకారము. అంకెలలో ౨, ౩లకు భేద మొక చిన్న వంపు. ఇవి బాలశిక్ష చదువు పిల్లలకుఁ గూడఁ దెలిసిన విషయములే. అయినను వీనివలన వంశవృక్షములో నెట్టి కొమ్మలు విఱుగునో చూడుఁడు. మల్లయ యనునది పురుషుని పేరు. మల్లమ స్త్రీ పేరు. కడపటి యక్షరపు టొక వంపు పోయినచోఁ దండ్రి తల్లి యగును. మల్లన యని నకార మున్నచో సందేహము లేదు. యకారమకారముల నడుమనే చిక్కు. క్రియాపదము సాయపడునా యనఁగా సాయపడదు. పడియె, ఇచ్చెను, నిలిపెను అను భూతకాలరూపములు మహత్తునకును, స్త్రీకిని, అమహత్తునకును ఏకవచనమున నొక్కటియే. క్రియ సంఖ్యను జెప్పును, లింగమును జెప్పదు. కొడుకు, కూఁతురు, ఆలు, మగఁడు వంటి సంబంధవాచక మొకటి రాతిమీఁద మిగిలియున్నప్పుడే లింగనిర్ణయము. లేనిచో ఆ పేరును మల్ల యనువఱకే వ్రాసి, తరువాతి యక్షరమునకుఁ జుక్క పెట్టవలెను.

సంబంధనిర్ణయమునకు విభక్తి ముఖ్యము. వైయాకరణుల యాచారము ననుసరించి, ఏ రాతిమీఁదిదియుఁ గాని యొక వాక్యమును నేనే కల్పించి యుదాహరించుచున్నాను. పోతని కొడుకు మల్లన పడియె. ఇందుఁ బోతఁడు అను డుమంతశబ్దమునకు షష్ఠి పోతని యనునది. నకారముమీఁది గుడి యఱిగిపోయినచోఁ బోతన కొడుకు మల్లన యని చదువఁబడును. అప్పుడు తండ్రి పేరు పోతఁడు కాక పోతన యగును. ఇరువురు నొకఁడే యనవచ్చునా? అనవచ్చును, అనకపోవచ్చును. ఒక యూర నొక తరమునఁ బోతఁడును బోతనయు వేఱువేఱు ఇండ్లవారై యుండుట యసంభవము కాదు. గౌరవార్థకమగు అన్నశబ్దము చేరిన పేరునకును జేరని పేరునకును నాఁటి సంఘమున నంతర మున్నదనుటయు మఱవరాదు. గుడి యున్నదా లేదా యని రాతిని మరల మరలఁ జూచుటకు ఇదియే కారణము.

మఱియు, కొడుకు అను మాటయే పోయినదనుకొందము. మిగిలినది పోతన మల్లన. దీనిని రెండు తెఱఁగుల విడఁదీయవచ్చును. పోతనయొక్క మల్లన యని షష్ఠీతత్పురుష మైనచో మనుష్యుఁ డొకఁడు, తండ్రి పేరు విశేషణము. పోతనయు మల్లనయు నని ద్వంద్వమైనచో మనుష్యు లిద్దఱు. తండ్రికొడుకులో, అన్నదమ్ములో, సంబంధమే లేని తోడిబంట్లో తెలియదు. ద్వంద్వమునకు బహువచనపు లువర్ణము రావలెను. కాని అది పంక్తి కొసను వచ్చును, పంక్తి కొసయే ముందుగా నఱుగును. ఇట్టిచోట క్రియయే శరణ్యము. పడియె యని యున్నచో నొకఁడు. పడిరి యని యున్నచో నిద్దఱు లేదా యంతకుమించి. క్రియ క్రింది పంక్తిలో నుండుటచేతను, ఆ పంక్తి యొక్కొక్కప్పుడు నేలలోఁ బాఁతుకొనియుండుటచేతను, ఎండ తగులక చక్కఁగా నిలిచియుండుట గలదు. పైపంక్తులను జదివి తృప్తిపడి లేచిపోవువారు ఆ యూరివారి యనుమతితో మూఁడంగుళముల మట్టి తీసి చూచినచో, ఒకఁడనుకొన్నవాఁ డిద్దఱగుటయో, ఇద్దఱనుకొన్నవా రొకఁడగుటయో సంభవింపవచ్చును. వంశవృక్షములో నిది యొక తరము భేదము.

ఇంకొక చిక్కు పేళ్ల ననువర్తించు నాచారమువలనఁ గలుగును. తాత పేరు మనుమనికిఁ బెట్టుట మనలోఁ బ్రసిద్ధము. మల్లన కొడుకు పోతన, పోతన కొడుకు మల్లన. అట్టి యింట రెండు రాళ్లు దొరకి, రెండింటిమీఁదను మల్లన పేరు మాత్రమే మిగిలినచో, అవి యొక్కని రాళ్లా, తాతామనుమల రాళ్లా? పెద, చిన అను విశేషణములు పేరునకు ముందుండును గనుక, రాతి యెడమయంచు విఱిగినచో నవియే పోవును. అప్పుడు లిపి వయస్సే ప్రమాణము. తలకట్టు పోకడలు, రకారపు గుండ్రదనము, శకటరేఫము నిలిచియుండుట వీనిని జూచి శతాబ్దిని జెప్పవచ్చును. ఏఁబదియేండ్ల భేదమును లిపి యొక్కటియే చెప్పఁజాలదు. తాతామనుమల నడుమ నున్నది సరిగా ఆ యేఁబదియేండ్లే.

ఉదయగిరి ప్రాంతమునకుఁ బ్రత్యేకమైన సందిగ్ధ మొకటి కలదు. 1514లో కృష్ణదేవరాయలు గజపతులనుండి దుర్గమును గైకొని తిరుమల రౌతరాయని జీవగ్రాహముగాఁ బట్టినపిదపను, అంతకుముందు సంగమవంశపు టేలుబడిలోను, కర్ణాటకపు టుద్యోగు లిచటికి వచ్చిరి. రాయల కాలమున నుదయగిరిని బాలించిన రాయసము కొండమరుసు పేరులోని మరుసు అను భాగమే కన్నడపు అరసుశబ్దమునకు గుఱుతు. అట్టివారి లేఖనములలోఁ గన్నడపదములు చొరుట సహజము. కన్నడమున మగ యనఁగాఁ గొడుకు. తెలుఁగున మగఁడనఁగా భర్త. పేరుప్రక్క మగ యని యుండి తరువాతి యక్షరము పోయినచోఁ దెలుఁగువాఁడు వెంటనే డువర్ణమును జేర్చి చదువును. తండ్రికొడుకులు భార్యాభర్తలగుదురు! నవ్వు వచ్చు మాటయే కాని, ఇట్టి పాఠ మొకసారి యచ్చుపడినచో దానిని దిద్దుట కొక తరము పట్టును.

కాలనిర్ణయమునకు మన పూర్వులు మంచి యుపకరణ మిచ్చిరి. శకాబ్దముతోడ సంవత్సరనామమును గూడఁ జెక్కించుటచే నొకటి యఱిగినను రెండవది సాక్ష్యము చెప్పును. శకాబ్దమునకు 12 కలిపి 60చే భాగింపఁగా మిగులు సంఖ్య ప్రభవాదిగా సంవత్సరసంఖ్య. శేషము సున్న యైనచో నక్షయ. కృష్ణదేవరాయ లుదయగిరినుండి గొనిపోయిన బాలకృష్ణుని హంపిలోఁ బ్రతిష్ఠించినది శ.వ. 1436 భావ సంవత్సరమున. 1436కు 12 చేర్చి 60చే భాగించినచో శేషము 8, ఎనిమిదవది భావ. సరిపోయినది. ఇప్పుడొక రాతిమీఁదఁ బదులస్థానపుటంకె పోయి 14-6 యనియు, భావ యనియు మిగిలినదనుకొందము. 1406 క్రోధి, 1416 ఆనంద, 1426 రక్తాక్షి, 1446 తారణ, 1456 జయ, 1466 మరల క్రోధి, 1476 ఆనంద, 1486 రక్తాక్షి. ఇవి యెవ్వియుఁ జెల్లవు. 1436 చెల్లును, కాని 1496 గూడఁ జెల్లును, నడుమ సరిగా నఱువదియేండ్లు గనుక. రాతిమీఁద రాయల పేరున్నచో 1436. శ్రీరంగరాయల పేరున్నచో 1496. రాజు పేరును లేనిచోఁ దిథివారములను బట్టి స్వామికన్ను పిళ్ల గారి పంచాంగగణితగ్రంథముతో సరిచూడవలెను. అదియుఁ గుదురనిచో రెండు సంవత్సరములను వ్రాసి యూరకుండవలెను. గతశకమును గాక వర్తమానశకమును జెక్కించినచోట నొక సంవత్సరపు భేదము వచ్చుటయు గలదు. ఒక యేఁటి భేదమును జూచి రాయి కల్పిత మనరాదు.

సంవత్సరనామములును అఱుగును. కడపట భవ యని మాత్రము మిగిలినచో నది ప్రభవ కావచ్చును, విభవ కావచ్చును, పరాభవ కావచ్చును. దీర్ఘము పోయిన భావయుఁ గావచ్చును. జయ యని మిగిలినచో నది జయయో, ముందక్షరము పోయిన విజయయో. ఇవి వరుసగా వచ్చు సంవత్సరములు గనుక నింత చిక్కు లేదు. క్రోధి, క్రోధనల నడుమ 21 యేండ్లు. విరోధి, విరోధికృత్తుల నడుమ 22 యేండ్లు. ఒక తరమునకు నించుమించుగా సమానము.

ఉదయగిరి కొండమీఁద అబ్దుల్లా కుతుబ్‌షా కాలపుఁ బారసీకలేఖనములు గలవు. కోటక్రిందను, ఆత్మకూరు ప్రాంతమున ననుమసముద్రముపేట దర్గా పరిసరములలోను గోరీలు పెక్కులు. వీనిని జదువుట నా బోటివాని పని కాదు. అరబ్బీ పారసీక శాసనములకుఁ బురావస్తుశాఖవారి కార్యస్థానము నాగపురమున నున్నది. కాని చదువురానివాఁడును గమనింపఁదగినవి రెండు గలవు. పురుషుని గోరీపైఁ గలముపెట్టె యాకారపు దిమ్మయు, స్త్రీ గోరీపై చదునైన పలకయు నుంచు నాచారము మన దేశమునఁ బలుతావులఁ గలదు. అక్షరములు పూర్తిగాఁ బోయినను లింగము తెలియును. మన మల్లయ మల్లమలకు లేని సౌకర్యము వారికిఁ గలదు. రెండవది, అక్షరములకు సంఖ్య లిచ్చి మరణసంవత్సరమును వాక్యములో నిమిడ్చు పద్ధతి. 786 యను సంఖ్య బిస్మిల్లా వాక్యమున కెట్లయ్యెనో యట్లే యిదియు. మన కటపయాదికి సోదరివంటిది. ఇం దొక యక్షరము పోయినచో నర్థ మూహింపవచ్చునుగాని లెక్క చెడును; అర్థమునుబట్టి యూహించిన యక్షరము లెక్కకు సరిపోయినప్పుడే నిలుచును. తెలుఁగు రాళ్లకును ఇట్టి పరీక్ష యుండిన నెంత బాగుండెడిది! హిజరీ చాంద్రమానమగుటచే 33 హిజరీ వత్సరములు సుమారు 32 సౌరవత్సరము లనియు జ్ఞాపక ముంచుకొనవలెను. 1839-40 ప్రాంతమున నుదయగిరి జాగీరు పోయినది. అంతకు ముందు తరముల జాగీరుదారీ పరివారమువారి చరిత్ర వెదకువారికి ఈ గోరీలు తప్పనివి.

క్రైస్తవుల సమాధులు నెల్లూరుసీమలోఁ దఱచుగా 1840లో నచట మొదలైన అమెరికా బాప్టిస్టు మతప్రచారమునకుఁ దరువాతివి. ఇంటిపేరు పాతది, పేరు క్రొత్తది. అట్టి రాతిమీఁదఁ దండ్రి పూర్వనామము గూడ నుండెనేని అది రెండు కాలములను గలుపు వంతెన.

ఇంటిపేరనఁగానే మనవా రందఱు నొక మాట మఱతురు. పూర్వశిలలలో ఇంటిపేరు తఱచుగా లేదు. ఉన్నచోటను అది యూరి పేరో యుద్యోగపుఁ బేరో కావచ్చును. వెలుగోటివారి పేరు వెలుగోడునుండి వచ్చినది. నేలటూరి వేంకటరమణయ్య గారు 1939లోఁ బ్రకటించిన వారి వంశావళి యట్టి పరిశోధనమునకు మంచి మాదిరి. కొండమరుసు రాయసము ఉద్యోగము. నేఁటి రాయసమువా రందఱు నతని సంతతి కారు. రాయసము చేసినవాఁ డొక్కఁడే కాఁడుగదా! కరణమువారు, దేశాయివారు, సంప్రతివా రిట్లే. రాతిమీఁద నుద్యోగమును జూచి యింటిపేరుగాఁ జదువుట యీ మార్గమున మిక్కిలి సామాన్యమైన ప్రమాదము. దీనికిఁ గారణ మజ్ఞానము కాదు, ఆశ. తన వంశమున నొక వీరుఁడో యొక యధికారియో యుండవలెనని కోరని వాఁ డెవఁడు? ఆ కోరిక రాతిమీఁది ఖాళీలో ముందుగా వచ్చి కూర్చుండును. పూర్వము ఈనాములకొఱకును, మిరాసీలకొఱకును, దేవాలయములలో మొదటి తీర్థముకొఱకును ఖాళీలు పూరింపఁబడుచుండెడివి. నేఁడు కుటుంబచరిత్రల యచ్చుపుస్తకములకొఱకుఁ బూరింపఁబడుచున్నవి.

పిచ్చుకగుంట్లవారు, భట్రాజులు చెప్పు గోత్రవంశక్రమములను నేను తక్కువ చేయను. ఎన్నో తరముల పేళ్లను వరుస తప్పక చెప్పఁగల ధారణ మన పాఠశాలలలో నేఁడు లేదు. మెకంజీ దొరగారు కూర్పించిన కైఫీయతులలోను గ్రామవృద్ధులు చెప్పిన మాటలు విలువగలవే. కాని క్రమ మిది: ముందు రాతిని జదివి, చుక్కలతో సహా కాగితముపై నెక్కించి, తేది వేసి, పిమ్మట వారి నోటి మాట వినవలెను. ముందు విన్నచోఁ గన్ను తాను విన్నదానినే చూచును. రాతిపాఠమును వ్రాయునప్పుడు, స్పష్టమైన యక్షరములు మామూలుగను, సందిగ్ధములు గుదికుండలీకరణములలోను, పోయినవి యొక్కొక్క దానికి నొక్కొక్క చుక్కగను వ్రాయుట లిపిజ్ఞుల సంప్రదాయము. చుక్కలను లెక్కించి పెట్టవలెను. మూఁడక్షరముల చోటున ఆఱక్షరముల యింటిపేరు పట్టదని చెప్పున దా లెక్కయే.

ఈ పని కాలవిలంబమును సహింపదు. 1989 నాఁటికిఁ బూర్తియైన సోమశిల జలాశయమున 78 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలుచును. దానికొఱకుఁ బెన్న కెగువను గ్రామములు ఖాళీ చేయఁబడినవి. వానిలో నధికభాగము కడప జిల్లావి. ఊళ్లు తరలునప్పుడు దేవతామూర్తులను మోసికొనిపోవుట గలదు. పొలిమేర రాళ్లను మోసికొనిపోవుట యరుదు. నీటికన్నఁ గీడు మఱియొకటి: భక్తిచేతను బంధుప్రీతిచేతను, మాసిన యక్షరములను ఉలితో లోతుగాఁ జెక్కించుట. చెక్కువాఁడు శిల్పి, చదువరి కాఁడు. అతఁడు మల్లమను మల్లయగాఁ జెక్కినచో, ఇఁక నే ప్రొద్దుటియెండయు నేదీపమును మనకు మల్లమను జూపఁజాలవు. పాఠశాలాపండితులు తమ యూళ్లలో నీ యొక్క పనిని మాన్పింపఁగలిగినచో లిపిజ్ఞుల కెంతయో మేలు చేసినవా రగుదురు. పిల్లలను వెంటఁబెట్టుకొని పోయినను మంచిదే. పంచపాఠి యెక్కని బాలునకు షష్ఠీవిభక్తి ప్రయోజనము వీరగల్లుముందు క్షణములోఁ దెలియును.

పేరంటాండ్ర రాళ్లనుగుఱించి యొకమాట మిగిలినది. వంశావళులలో స్త్రీల పేళ్లు లేవు. ఉన్నచో రాజులకుఁ బిల్లనిచ్చిన సంబంధమునకై యుండును. సామాన్యగృహములలో నొక యిల్లాలి పేరు ఆమె రాతిమీఁదఁ దప్ప వేఱుచోట దొరకదు. అట్టి లేఖనమున ఆమెను ఫలానివాని కూఁతురనియో ఫలానివాని యాలనియో చెప్పుదురు. కూఁతురని యున్నచోఁ బ్రక్కనున్న పురుషుఁడు తండ్రి, ఆలని యున్నచో భర్త. రెండు పదములలో నేదియు మిగులక పురుషుని షష్ఠ్యంతమును ఆమె పేరును మాత్రమే మిగిలినప్పుడు, సహగమనపు గుఱుతులను జూచి యతఁడు భర్తయే యని చదువుట వాడుక. ఇది తొందర. కూఁతురి పేర రాయి నిలిపించు పుట్టినింటివారును ఉండవచ్చును. అప్పుడు నిలిపెను అను క్రియకుఁ గర్త తండ్రియో తోఁబుట్టువో యగును. కావునఁ జేయెత్తిన గుఱుతును జూచి నిర్ణయింపక, నిలిపెను అను క్రియను వెదకి, దాని కర్తను వెదకవలెను. కర్తృపదము తఱచుగాఁ దొలిపంక్తిలో నుండును, పసుపు దళముగాఁ బట్టియుండునదియు నా పంక్తికే.